కాలేజీ దావత్‌లో మందు ఆటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నల్లగొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను. ఇప్పుడు పాలమూరులో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్తున్నాను. ఫ్రెషర్స్ డే, ఫేర్‌వెల్ దగ్గర పడ్డాయంటే నా దగ్గరికి ఒకటే రకం ప్రశ్నలు వస్తాయి. క్లాసులో కొన్ని, కారిడార్‌లో కొన్ని, రాత్రి ఫోన్‌లో ఇంకొన్ని. ఆటల గురించి అడిగితే ఆటలు చెప్తాను, మందు గురించి అడిగితే మందు గురించి చెప్తాను. దాచిపెడితే పిల్లలు ఇంకెవరినో అడుగుతారు, వాళ్ళు సగమే చెప్తారు.

మందు ఆట అంటే ఏంటి? మామూలు సిట్టింగుకీ దానికీ తేడా ఏముంది?

సిట్టింగులో ఎవరి గ్లాసు వాళ్ళ చేతిలో ఉంటుంది. ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు ఆపాలో తాగేవాడి ఇష్టం. ఆటలో ఆ ఇష్టం పేకముక్క చేతికో, బంతి చేతికో, ఎదురుగా కూర్చున్నవాడి నోటికో పోతుంది. అసలు తేడా ఇదే. ఇంకో సంగతి కూడా గమనించండి. ఓడినవాడు తాగుతాడు. తాగినవాడి చెయ్యి తడబడుతుంది, మాట తప్పుతుంది. దాంతో మళ్ళీ వాడే ఓడతాడు. గదిలో పదిమంది ఉంటే మందు పదిమందికీ సమానంగా పంచుకోబడదు, చివరికి ఒకరిద్దరి మీదే పడుతుంది. వాళ్ళు ఎక్కువగా ఆ రోజే మొదటిసారి తాగుతున్న జూనియర్లు అవుతారు.

ఇవన్నీ అమెరికా నుంచి వచ్చినవేనా?

ఇప్పుడు మన హాస్టళ్ళలో ఆడేవి చాలావరకు అక్కడివే. బీర్ పాంగ్ 1950ల్లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో మొదలైంది. అప్పట్లో టేబుల్ టెన్నిస్ బ్యాట్లతో ఆడేవారు, చేత్తో విసరడం తర్వాత వచ్చింది. కానీ తాగుతూ ఆడటం అంతకంటే చాలా పాతది. పాత గ్రీకు విందుల్లో కొట్టబోస్ అనే ఆట ఉండేది. గిన్నె అడుగున మిగిలిన ద్రాక్షసారా చుక్కల్ని విదిలించి, దూరంగా స్తంభం మీద నిలబెట్టిన చిన్న పళ్ళాన్ని పడగొట్టాలి.

నాకు బాగా నచ్చింది చైనాది. క్రీ.శ. 353లో లాన్‌టింగ్ అనే చోట కవులు వంకర్లు తిరిగే వాగు ఒడ్డున కూర్చున్నారు. మద్యం పోసిన గిన్నెల్ని పైనుంచి నీళ్ళలో వదిలారు. గిన్నె ఎవరి ముందు ఆగితే వాళ్ళు పద్యం చెప్పాలి, చెప్పలేకపోతే తాగాలి. ఇక్కడ ఆటలో గెలిచినవాడికి దక్కేది పద్యం. ఈ ఆట మన దగ్గర ఎలా ఆడొచ్చో కింద చెప్తాను.

మా వయసువాళ్ళు మందు తాగొచ్చా? చట్టం ఏమంటుంది?

తెలంగాణలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకు మద్యం అమ్మకూడదు. ఇంటర్ అయిపోయేసరికి 17, 18. డిగ్రీ మూడో సంవత్సరం ముగిసేసరికి 20, 21. అంటే ఫ్రెషర్స్ డేలో కొత్తగా వచ్చినవాళ్ళలో ఒక్కరికీ ఆ వయసు ఉండదు, ఫేర్‌వెల్‌లో కూడా సగం మందికి ఉండదు. బెల్టు షాపులో వయసు అడగరని మీరంటారు. అడగకపోయినంత మాత్రాన అది చట్టబద్ధం అయిపోదు. అందుకే నేను కింద చెప్పే ఆటలన్నీ నీళ్ళతోనో, మజ్జిగతోనో, సోడాతోనో ఆడమని చెప్తాను. 21 దాటినవాళ్ళ కోసం కొలతల సంగతి విడిగా రాశాను.

బీర్ పాంగ్ ఎలా ఆడాలి?

పొడవాటి బల్ల కావాలి. పోటీల్లో వాడేది 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉంటుంది. మనకు టెంట్ హౌస్ బల్ల చాలు. రెండు జట్లు, జట్టుకు ఇద్దరు. ఒక్కో చివర పది గ్లాసులు త్రికోణంలా పేర్చాలి: తమవైపు వెనక వరసలో నాలుగు, తర్వాత మూడు, రెండు, ఎదుటివాళ్ళ వైపు కొనలో ఒకటి. టేబుల్ టెన్నిస్ బంతిని ఎదుటివాళ్ళ గ్లాసుల్లోకి విసరాలి. బంతి పడ్డ గ్లాసును వాళ్ళు తీసి పక్కన పెట్టాలి. ముందుగా ఎదుటి పది గ్లాసులూ ఖాళీ చేయించిన జట్టు గెలిచినట్టు. బంతిని బల్ల మీద ఒకసారి ఎగరేసి వేస్తే రెండు గ్లాసులు లెక్క. కానీ ఎగిరిన బంతిని ఎదుటివాళ్ళు చేత్తో కొట్టేయొచ్చు. గ్లాసులు తగ్గాక మిగిలినవాటిని మళ్ళీ దగ్గరగా పేర్చమని అడగొచ్చు, అది ఆటకు ముందే ఒప్పుకోవాలి.

బంతి నేల మీద పడుతుంది, అందరి చేతుల్లోకి పోతుంది, మళ్ళీ గ్లాసులో పడుతుంది. అందుకని బాగా ఆడేవాళ్ళు బల్ల మీది గ్లాసుల్లో ఉత్త నీళ్ళే పోసి, తాగేది విడిగా పెట్టుకుంటారు. ఈ పద్ధతి ఉండటం మనకు కలిసొచ్చింది. ఎవరు ఏం తాగుతున్నారన్నది ఆటకు సంబంధం లేకుండా పోతుంది. స్టీలు గ్లాసులతో ఆడి చూడండి. బంతి అంచుకు తగిలి టింగుమని మోగినప్పుడల్లా గదంతా అరుస్తుంది. కాగితం కప్పులతో ఆ సంబరం రాదు.

ఫ్లిప్ కప్?

జనం ఎక్కువున్నప్పుడు దీన్ని మించింది లేదు. రెండు జట్లు బల్లకు అటూ ఇటూ ఎదురెదురుగా నిలబడాలి. మొదటివాడు గ్లాసులో ఉన్నది తాగి, ఖాళీ గ్లాసును బల్ల అంచున కొంచెం బయటికి ఉండేట్టు పెట్టి, అడుగును వేలితో పైకి తట్టాలి. అది గాల్లో తిరిగి బోర్లా పడాలి. పడిందాకా పక్కవాడు మొదలుపెట్టకూడదు. ఏ జట్టు ముందు పూర్తి చేస్తే వాళ్ళదే గెలుపు. రెండు గుక్కల మజ్జిగ పోస్తే చాలు, ఇది వేగం ఆట. మందు పోస్తే గబగబా మింగాలి కాబట్టి ఎంత పోయిందో తెలియదు. దీన్ని మాత్రం 21 దాటినవాళ్ళు కూడా మందుతో ఆడొద్దనే చెప్తాను.

కింగ్స్ కప్ రూల్స్ చెప్పండి సార్.

పేకముక్కలు బోర్లా పరిచి, మధ్యలో పెద్ద గ్లాసు పెడతారు. ఒక్కొక్కరు ఒక ముక్క తీస్తారు. ఏ ముక్కకు ఏ పని అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఒకదానికి ఎడమ పక్కవాడు తాగాలి, ఒకదానికి అందరూ చెయ్యి పైకెత్తాలి, ఆఖరున ఎత్తినవాడు ఓడినట్టు. ఒకదానికి కొత్త రూల్ పెట్టొచ్చు. రాజు వచ్చినవాడు తన గ్లాసులోది కొంచెం మధ్య గ్లాసులో పోయాలి. నాలుగో రాజు ఎవరికి వస్తే వాళ్ళు ఆ మధ్య గ్లాసు మొత్తం తాగాలి.

ఆ మధ్య గ్లాసే ప్రమాదం. బీరు, విస్కీ, బ్రీజర్, కోలా అన్నీ కలిసి అందులో ఎంత మందు ఉందో దేవుడికి కూడా తెలియదు. దాన్ని ఒకడు అందరి చప్పట్ల మధ్య ఒక్క గుక్కలో తాగాలి. మా బ్యాచ్‌లో ఒకసారి మధ్య గ్లాసులో చింతపండు రసం, కారం, ఉప్పు కలిపి పెట్టారు. నాలుగో రాజు తీసినవాడి ముఖం చూసి మేం పొట్ట పట్టుకుని నవ్వాం, వాడూ నవ్వాడు, మర్నాడు పరీక్షకు మామూలుగా వచ్చాడు. కాకరకాయ రసం కూడా బాగుంటుంది.

నెవర్ హావ్ ఐ ఎవర్ ఆడటం మంచిదేనా?

అందరూ పది వేళ్ళు పైకి పెట్టుకుంటారు. ఒకరు "నేను ఎప్పుడూ క్లాసు ఎగ్గొట్టి సినిమాకు పోలేదు" అంటారు. పోయినవాళ్ళు ఒక వేలు మడవాలి, లేదా ఒక గుక్క తాగాలి. ఒకరి గురించి ఒకరికి తెలియని ఫ్రెషర్స్‌కు మంచి ఆట. కానీ మందు లోపలికి వెళ్ళాక ప్రశ్నలు ప్రేమల మీదికి, ఒంటి మీదికి, ఇంటి గుట్టు మీదికి పోతాయి. ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తారు. ఆ ఒక్క రాత్రి చెప్పిన మాట మూడేళ్ళు వెంటాడిన ఆడపిల్ల నాకు తెలుసు. అందుకని ఆట మొదలుకాకముందే రెండు మాటలు అనుకోండి: ఫోన్లన్నీ ఒక గంపలో, ఎవరైనా "నేను చెప్పను" అంటే మళ్ళీ అడగొద్దు.

ఏ సామాను లేకుండా ఆడేవి ఉన్నాయా?

ఏడు ఆట ఆడండి. వరసగా లెక్కపెడుతూ పోవాలి. 7 ఉన్న అంకె వచ్చినా, 7తో భాగించబడే అంకె వచ్చినా ఆ అంకె పలక్కుండా చప్పట్లు కొట్టాలి. 27, 28 వెంటవెంటనే వస్తాయి, అక్కడ సగం మంది పడిపోతారు. 70 దాకా వెళ్ళిన గుంపును నేను ఇంతవరకు చూడలేదు.

ఇంకొకటి, పైన చెప్పిన చైనా కవుల ఆట. వాగు లేకపోతే గుండ్రంగా కూర్చుని గిన్నెను పాట ఆగేదాకా చేతులు మార్చండి. పాట ఆగినప్పుడు గిన్నె ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు వేమన పద్యమో, సుమతీ పద్యమో, ఊళ్ళో అమ్మమ్మ పాడే బతుకమ్మ పాటో ఒక్కటి చెప్పాలి. రాకపోతే గిన్నెలో ఉన్న బెల్లం పానకం తాగాలి. పోయినేడు మా పిల్లలతో ఆడించాను. నాగర్‌కర్నూల్ దగ్గరి ఒక అమ్మాయి, క్లాసులో నోరు తెరవనిది, వరసగా ఆరు బతుకమ్మ పాటలు పాడింది.

ఒక బీరు, రెండు పెగ్గులు అంటే నిజంగా ఎంత?

ఇది 21 దాటినవాళ్ళ కోసం, కాస్త ఓపిగ్గా చదవండి. సీసా మీద రాసిన శాతాన్ని బట్టి అందులో ఎన్ని గ్రాముల ఆల్కహాల్ ఉందో లెక్కకట్టొచ్చు. 650 మిల్లీలీటర్ల లైట్ బీరు 5 శాతం అయితే దాదాపు 26 గ్రాములు. అదే సైజు స్ట్రాంగ్ బీరు 8 శాతం అయితే 41 గ్రాములు. 60 మిల్లీలీటర్ల విస్కీ, అంటే ఒక లార్జ్ పెగ్గు, 20 గ్రాములు. క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లు, మొత్తం 60 గ్రాములు. "బీరే కదా" అని రెండు స్ట్రాంగ్ బీర్లు తాగినవాడు క్వార్టర్ కంటే ఎక్కువే తాగినట్టు.

మన లివర్ గంటకు దాదాపు 7 నుంచి 10 గ్రాములే ఖర్చు చేయగలదు. దాన్ని తొందరపెట్టే గోలీ లేదు, చిట్కా లేదు. ఒక్క స్ట్రాంగ్ బీరుకే నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. ఆటలో అరగంటలో రెండు పోతాయి. తాగింది రక్తంలో పూర్తిగా కలవడానికి కూడా టైం పడుతుంది, అందుకే ఆట ఆపేశాక కూడా అరగంట, గంట దాకా ఎక్కుతూనే ఉంటుంది. "ఇప్పటిదాకా బాగానే ఉన్నాడు, ఉన్నట్టుండి పడిపోయాడు" అనే మాట వెనక ఉన్నది ఇదే. ఖాళీ కడుపు మీద ఇంకా త్వరగా ఎక్కుతుంది. ఎనర్జీ డ్రింకు కలిపితే నిద్ర రాదు కాబట్టి ఎక్కలేదనుకుంటారు, మందు మాత్రం ఎక్కే ఉంటుంది.

ఆటకు కల్లు వాడొచ్చా? అది మందు కాదు కదా?

కల్లు కూడా మందే. పొద్దున చెట్టు దించిన లొట్టిలో తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులిసి ఘాటెక్కుతుంది. గీత కార్మికుడు మన కళ్ళముందు దించి ఇచ్చిన కల్లు వేరు, కాంపౌండులో సీసాల్లో అమ్మే కల్తీ కల్లు వేరు. మన జిల్లాల్లో కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, అల్ప్రాజోలం కలుపుతారన్నది అందరికీ తెలిసిన విషయమే. ఇవి నిద్రమాత్రల్లాంటివి. వీటి మీద బీరో విస్కీయో పడితే ఊపిరి తీసుకోవడమే మందగిస్తుంది. కాబట్టి ఆటలో కల్లు, మందు కలపడం అసలు వద్దు.

సీనియర్లు "ఒక్క గుక్కలో దించు" అంటే?

అది ఆట కాదు, ర్యాగింగ్. 1997లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. యూజీసీ 2009లో నిబంధనలు పెట్టింది. 24 గంటలూ పనిచేసే ఉచిత నంబరు 1800-180-5522, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. "అన్నా, నాకొద్దు" అన్నాక కూడా గ్లాసు నోటి దగ్గర పెట్టేవాడు అన్న కాదు.

తాగని నేను పార్టీలో ఎలా నెగ్గుకురావాలి?

చేతిలో ఎప్పుడూ నిండు గ్లాసు పెట్టుకోండి, సోడా అయినా సరే. ఖాళీ చెయ్యి చూస్తేనే పోయడానికి వస్తారు. స్కోరు రాసే పని, పాటలు పెట్టే పని మీరే తీసుకోండి. కారణం చెప్పాల్సిన పని లేదు, కానీ చెప్పక తప్పకపోతే "గోలీలు వాడుతున్నా" అంటే ఎవరూ వాదించరు.

ఎవరైనా పడిపోతే ఏం చేయాలి?

దీనికి జవాబు నేను నేర్చుకున్న రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఫైనలియర్ ఫేర్‌వెల్ రాత్రి, నల్లగొండ శివార్లలో ఒక మామిడి తోట. పేకముక్కల ఆట. మాలో ఒకడు, చాలా మెత్తనివాడు, వరసగా ఓడాడు. పన్నెండు దాటాక గట్టు మీద వెల్లకిలా పడుకున్నాడు. గురక వస్తోంది. "పడుకోనీరా, పొద్దునకు సెట్ అయితడు" అనుకుని మేం ఆట కొనసాగించాం. కొంతసేపటికి గురక ఆగింది. టార్చి వేసి చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి, నోట్లో వాంతి. మొహం మీద నీళ్ళు కొట్టాం, నిమ్మరసం పిండి నోట్లో పోయబోయాం. పోలీసులు వస్తారేమో, ఇంట్లో తెలుస్తుందేమో అన్న భయంతో పది నిమిషాలు ఫోన్ చేయలేదు. ఆ పది నిమిషాలు నా తప్పు. తోట కాపలా తాత వచ్చి వాణ్ణి పక్కకు తిప్పి, నోట్లో వేలు పెట్టి శుభ్రం చేసి, మమ్మల్ని తిట్టి 108కి ఫోన్ చేయించాడు. వాడు బతికాడు. ఇప్పటికీ ఫోన్‌లో మాట్లాడుకుంటాం, ఆ రాత్రి గురించి మాత్రం మాట్లాడుకోం.

ఈ గుర్తులు చూడండి: పిలిచినా, గిల్లినా లేవకపోవడం. ఊపిరి నిమిషానికి ఎనిమిది కంటే తక్కువసార్లు రావడం, లేదా రెండు ఊపిరుల మధ్య పది సెకన్లు దాటడం. ఒళ్ళు చల్లబడి, పెదవులో గోళ్ళో నీలంగా మారడం. ఫిట్స్. ఆగకుండా వాంతులు. వీటిలో ఒక్కటి కనబడ్డా 108కి చేయాలి. మిగతావాటి కోసం ఎదురు చూడకూడదు. బండి వచ్చేదాకా మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, పై కాలు మడిచి, తల కొంచెం వెనక్కి వాల్చి, వాంతి వస్తే బయటికి కారేట్టు. వెల్లకిలా వద్దు. ఒంటరిగా వదలొద్దు. బలవంతంగా కక్కించొద్దు, ఏమీ తాగించొద్దు. ఊపిరి అసలు లేకపోతే 108 వాళ్ళు ఫోన్‌లో చెప్పినట్టు చేయండి. ఏం తాగాడో, ఎంత తాగాడో, కల్లు కూడా తాగాడా అన్నది అంబులెన్సు వాళ్ళకు దాచకుండా చెప్పండి.

మజ్జిగ, నిమ్మకాయ, చన్నీళ్ళ స్నానంతో దిగుతుందా?

దిగదు. స్ట్రాంగ్ చాయ్‌తో కూడా దిగదు, మెలకువగా ఉన్న తాగుబోతు అవుతారంతే. గంటలు గడవాలి.

బండి మీద వెళ్ళొచ్చా? రూమ్ దగ్గరే కదా.

వద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. 60 కిలోల కుర్రాడు గంటలో ఒక్క స్ట్రాంగ్ బీరు తాగితే ఆ హద్దు ఎప్పుడో దాటేస్తాడు. మొదటిసారికి 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. జరిమానా సంగతి పక్కన పెట్టండి. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే, జడ్చర్ల దగ్గర బెంగళూరు హైవే రాత్రిపూట ఎలా ఉంటాయో మీకు తెలుసు. లారీలు ఆగి ఉంటాయి, వెనక లైట్లు ఉండవు. మర్నాడు పొద్దున కూడా జాగ్రత్త, రెండు స్ట్రాంగ్ బీర్లు దిగడానికి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. పార్టీ జరిగే చోటే చాపలు, దుప్పట్లు పెట్టుకోండి. బండి తాళాలన్నీ తాగనివాడి దగ్గర ఉంచండి.

పార్టీ సాగర్ దగ్గరో, కోయిల్‌సాగర్ దగ్గరో పెట్టుకుందామనుకుంటున్నాం.

నీళ్ళ దగ్గర తాగొద్దు, తాగి నీళ్ళలోకి దిగొద్దు. ఈత బాగా వచ్చినవాడే ఎక్కువ లోపలికి పోతాడు. డిండి, జూరాల, ఊరి చెరువు, వ్యవసాయ బావి, అన్నిటికీ ఇదే మాట. బహిరంగ ప్రదేశంలో తాగడం నేరం కూడా.

అమ్మాయిలు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి?

వచ్చినప్పుడే ఎవరితో తిరిగి వెళ్ళాలో అనుకుని రండి. మీ గ్లాసు మీరే పోసుకోండి, వదిలి వెళ్తే తిరిగొచ్చాక అది పారబోయండి. మగపిల్లలకు కూడా ఒక మాట: తాగి ఉన్న అమ్మాయి ఊ అన్నది ఒప్పుకోవడం కాదు.

ఆట లేకపోయినా తాగాలనిపిస్తోంది సార్.

ఈ ప్రశ్న అడిగిన పిల్లవాడు తలుపు దగ్గర నిలబడి, లోపలికి రాకుండా అడిగాడు. 14446 ఉచిత నంబరు, మత్తు మాన్పించడానికి కేంద్రం పెట్టింది. మనసు బాగోకపోతే టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. రోజూ తాగేవాడు, రోజూ కల్తీ కల్లు తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనబడటం జరగొచ్చు. అందుకని డాక్టరు దగ్గరుండి మానడమే మంచిది.

ముప్పై మందికి ఆటల పార్టీకి ఏమేం కావాలి?

టెంట్ హౌస్ బల్లలు రెండు. స్టీలు గ్లాసులు నలభై, ఇళ్ళల్లోంచి తెచ్చుకుంటే సరిపోతాయి. ఫ్లిప్ కప్‌కు గట్టి ప్లాస్టిక్ గ్లాసులు ముప్పై, కడిగి మళ్ళీ వాడేవి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు 2022 జూలై నుంచి నిషేధం. టేబుల్ టెన్నిస్ బంతులు ఆరు, రెండు పోతాయి. ఒక పేక దస్తా. నాలుగు లీటర్ల పెరుగుతో మనిషికి మూడు గ్లాసుల మజ్జిగ వస్తుంది, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు దంచి కలపండి. ఏప్రిల్‌లో అయితే ఐసు ముందురోజే చెప్పి పెట్టుకోండి, ఆ ఎండలకు సాయంత్రానికి దొరకదు.